ఫ్యాన్‌ని తిరగేసిందెవరు?

"హత్య కింద రాస్తే ఉరికంబం ఎక్కాలి. నిర్లక్ష్యం కింద రాశాను కాబట్టి నీ తమ్ముడు కొన్నాళ్ళు జైల్లో కూర్చుని బయటికొస్తాడు. సంతోషించమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

సంతోషించాలట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని ఎదురుగా నిలబడ్డ మనిషికి నిద్ర లేక కళ్ళు వాచిపోయి ఉన్నాయి. వర్క్‌షాపులో ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ నడుపుతుంది ఆమె. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. లాకప్‌లో ఉన్నవాడు మాత్రం నిజంగానే ఆమెకు తమ్ముడు. ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్.

మొన్న మధ్యాహ్నం వర్క్‌షాపు యజమాని షాక్ కొట్టి పోయాడు. అందరూ పెద్దాయన అని పిలుచుకునే మనిషి. పోయింది అక్క మిషన్ పక్కన. ఆ మిషన్ వెనక కరెంటు పెట్టె ఉంటుంది, అందులోని వేడి పోవడానికి ఒక ఫ్యాన్ ఉంటుంది. ఆ ఫ్యాన్ మీది ఇనప జాలీలోకి కరెంటు పాకింది. ఫ్యాన్‌ని ముందు రోజు సాయంత్రం విప్పి బిగించింది తమ్ముడు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? వండిన కూడు విస్తట్లో పడ్డట్టయింది.

"ఇవాళ సాయంత్రం కోర్టులో పెడుతున్నా. ఆ లోపల మీరేం తవ్వుకుంటారో తవ్వుకోండి డిటెక్టివమ్మగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. నన్ను మేడం అనడానికి అతనికి నోరు రాదు. యంత్రాల ప్రమాదాలు చూసే ఇన్సూరెన్స్ ఉద్యోగం వదిలి నేను ఈ పనిలోకి వచ్చిన రోజు నుంచీ అతనికి నేను డిటెక్టివమ్మనే.

నేను లాకప్ ఊచల దగ్గరికి వెళ్ళాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. పెదవి చిట్లి ఉంది. ఎవరు చిట్లించారని అడగలేదు, అడిగితే ఎవరినో కొట్టి నేనే ఆ పక్క గదిలోకి వెళ్ళాల్సి వచ్చేది.

"ఆ ఫ్యాన్ ఎలా మోగేది?" అన్నాను.

"కీచుమనేదండీ. పిల్లి తోక తొక్కినట్టు."

"ఏం చేశావ్?"

"బేరింగ్ ఎండిపోయింది, మార్చాను. రెక్కలకి మడ్డి పట్టి ఉంటే గీకేసి తుడిచాను. జాలీ స్క్రూలు బిగించాను. స్విచ్ వేస్తే గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు."

"జాలీ ముట్టుకున్నావా?"

"ముట్టుకోకపోతే ఎలాగండీ? గాలి బాగా బయటికి వస్తోందో లేదో అరచెయ్యి ఆనించేగా చూసేది? కరెంటుంటే పెద్దాయన కంటే ముందు నేనే పోయేవాణ్ణి."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "విన్నారా?"

"విన్నాను. దొంగతనం చేశానని ఏ దొంగ చెప్పాడు గనక?"

"మొన్న మధ్యాహ్నం ఇతను ఎక్కడున్నాడు?"

"ఊరికి అటు చివర, ఇంకో వర్క్‌షాపులో. పొద్దున్నుంచీ అక్కడే. నేనే వెళ్ళి ఎత్తుకొచ్చా."

"అయితే మరి?"

"బాంబు పెట్టినవాడు పేలేదాకా పక్కనే కూర్చుంటాడా డిటెక్టివమ్మగారూ? తీగ తోలు ఒలిచి జాలీ కింద నొక్కేశాడు. రాత్రంతా మిషన్ ఆపి ఉంది, పొద్దున్న అదురుకి తీగ జరిగింది, మధ్యాహ్నానికి తగిలింది. మా ఎలక్ట్రీషియన్ రాసిచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడు కాదు. ఆ తెలివిని త్వరగా ఇంటికి పోవడానికి వాడతాడు, అదీ నా ఒళ్ళుమంట. "మీ ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ చూశాడా, తీగ ఒక్కటే చూశాడా?" అన్నాను.

అతను ఆ రిపోర్టు కాగితం తిప్పి చూశాడు.

"పదండి. మీ సీలు మీరే విప్పండి, మీ కళ్ళముందే చూస్తాను. ఏమీ దొరక్కపోతే ఇంకెప్పుడూ మీ స్టేషన్ గడప తొక్కను."

ఆ ఆశ చాలు అతనికి. జీపు తీయించాడు. అక్కా మాతో ఎక్కింది.

*

వర్క్‌షాపులో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. పనివాళ్ళు గోడవార నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. మేనేజరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తడిసిన జేబురుమాలు. పెద్దాయన చదివించి పెద్దచేసి, తర్వాత తన వర్క్‌షాపే చేతిలో పెట్టిన మనిషి ఇతను.

"మొన్న ఏం జరిగిందో చెప్పండి" అన్నాను.

"ఏం చెప్పమంటారు మేడం! ఒంటిగంటకి బెల్లు కొట్టారు. అందరూ వెనక షెడ్డులోకి భోజనాలకి పోయారు. పెద్దాయన ఇటుగా వస్తూ ఆ ఫ్యాన్ గోల విని ఒకటి చరిచారు. అంతే, పోయారు."

"మీరు చూశారా?"

"అబ్బే, నేను ఆఫీసు గదిలో ఉన్నాను. దబ్బుమని చప్పుడైతే పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపేశాను."

"చూడకుండానే చరిచారని ఎలా తెలిసింది?"

"ఇక్కడ అందరికీ అదే అలవాటండీ. ఫ్యాన్ మోగితే ఎడమచెయ్యి మిషన్ మీద ఆనించి, కుడిచేత్తో జాలీ మీద ఒకటి వేస్తారు. కాసేపు నోరు మూస్తుంది. పెద్దాయనే నేర్పారు అందరికీ."

గోడవార ఉన్నవాళ్ళు తలలూపారు. ఇలాంటి అలవాటు నేను చాలా చోట్ల చూశాను. మోగే ఫ్యాన్‌ని బాగుచేయించుకోవడానికి ఒక్కపూట మిషన్ ఆపరు. నెలల తరబడి చరుస్తూనే ఉంటారు. ఒక చెయ్యి ఇనుము మీద, రెండోది జాలీ మీద. కరెంటు ఒక అరచేతిలో ఎక్కి గుండె మీదుగా రెండో అరచేతిలో దిగడానికి అంతకంటే మంచి దారి ఇంకొకటి లేదు.

"షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్ ఒకటుండాలే?" అన్నాను.

"అది అస్తమానం పడిపోతుంటే... పని ఆగిపోతోందని... తీయించానండీ."

"తీయించారు! బాగుంది. ఇంతకీ ఆ ఫ్యాన్ ఎప్పట్నించి మోగుతోంది?"

"పొద్దున మిషన్ వేసినప్పట్నించీ. టకటకటకా అని. చెవులు చిల్లులు పడ్డాయనుకోండి."

"అబద్ధం!" అక్క అరిచింది. "పొద్దున్నుంచీ నేను దాని పక్కనే ఉన్నాను. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిమ్మళంగా తిరిగింది. నోటికి ఎంతొస్తే అంత మాట్లాడకండి సార్!"

"తమ్ముడి కోసం నువ్వు అలాగే అంటావులే" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు కాసేపు ఊరుకుంటారా?" అన్నాను నేను. మేనేజరుని ఆఫీసు గదిలోకి పొమ్మని, పోలీసు సీలు విప్పించి, పెట్టె తలుపు తెరిచాను.

ఫ్యాన్ మోతలన్నీ ఒకటి కాదు. బేరింగ్ ఎండితే కీచుమంటుంది. రెక్కలకి మడ్డి పడితే బరువు ఒకవైపు లాగి పెట్టె మొత్తం గుర్రుమంటుంది. స్క్రూ వదులైతే గలగలమంటుంది. టకటకమందంటే రెక్కకి ఏదో తగులుతోందన్న మాట. నేను వేలితో రెక్క తిప్పి చూశాను. అదరకుండా, ఆగకుండా చాలాసేపు తిరిగింది. బేరింగ్ కొత్తది. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. స్క్రూలు బిగువుగా ఉన్నాయి. తమ్ముడు చెప్పిన ప్రతి మాటా అక్కడ ఉంది.

"టార్చ్ ఇలా పట్టండి" అన్నాను. ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూనే పట్టాడు.

తీగలు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి జాలీ లోపలివైపు కట్టి ఉంది. దాని తోక కత్తిరించకుండా రెక్కల మీదికి వంచారు. చివర పళ్ళు పళ్ళుగా చిరిగిపోయి ఉంది.

"ఇదీ టకటక" అన్నాను. "దీనికి ఏ తీగా కట్టలేదు చూడండి. ఉత్త జాలీకి టై ఎందుకు కడతారు ఎవరైనా? ఫ్యాన్ మోగడం కోసం కట్టారు. మోగితే ఎవరో వచ్చి చరుస్తారు కాబట్టి కట్టారు. నిర్లక్ష్యమంటారా దీన్ని ఇంకా?"

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. కానీ వెంటనే తేరుకున్నాడు. "అయితే ఇంకా మంచిది. మెకానిక్ హత్యే చేశాడు. సెక్షన్ మారుస్తాను."

నాకు ఆ టార్చ్ లాక్కుని అతని నెత్తిన వెయ్యాలనిపించింది. మనిషి ఎంత మొండివాడైనా చూపించాల్సింది చూపించాలి కాబట్టి ఊపిరి గట్టిగా పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"ఈ ఫ్యాన్ ఒంటి మీద బాణం గుర్తు ఉంది, చూశారా? గాలి ఎటు పోతుందో చెప్పే గుర్తు. అది ఎటు చూస్తోంది?"

"లోపలికి."

"పెట్టెలో వేడి పోవాలంటే గాలి బయటికి రావాలి. తమ్ముడు అరచెయ్యి పెట్టి చూసింది ఆ గాలినే. ఎవరో తర్వాత ఫ్యాన్ విప్పి, తీగ ఒలిచి, టై కట్టి, తిరిగి బిగించేటప్పుడు తిరగేసి బిగించారు."

"వాడే తిరగేశాడేమో. చీకటి పడే వేళ, తొందరలో."

"మంచి అనుమానమే" అని నా చేతిరుమాలు తీశాను. తెల్లది. పక్కనే ఇనుము అరగదీసే గ్రైండర్ ఉంది. దాని మీది బల్బుని తుడిస్తే రుమాలు బొగ్గులా అయింది. రుమాలు తిప్పి, పెట్టె లోపల ఫ్యాన్‌కి ఎదురుగా ఉన్న పలకల మీద తుడిచాను. తెల్లగానే ఉంది.

"మొన్న పొద్దున గ్రైండర్ నడిచిందా?" అని గోడవైపు చూసి అడిగాను.

"బెల్లు కొట్టేదాకా నడిచిందండీ" అన్నాడు గ్రైండర్ మనిషి.

"ఆ ఫ్యాన్ రాత్రి నుంచీ తిరగేసి ఉంటే, పొద్దున్నుంచీ ఈ ఇనప పొడంతా లోపలికి పీల్చి ఉండేది. లోపల చూస్తే ఒక్క నలుసు లేదు. అంటే ఫ్యాన్‌ని తిరగేసింది గ్రైండర్ ఆగాక. బెల్లు కొట్టాక. అందరూ షెడ్డులో ఉన్నప్పుడు. అప్పుడు మీ ముద్దాయి ఊరికి అటు చివర ఉన్నాడు. సాక్షి ఎవరయ్యా అంటే, మీరే."

ఇన్‌స్పెక్టర్ టార్చ్ ఆర్పాడు. గొంతు తగ్గించి, "ఎవరు మరి?" అన్నాడు. ఇన్నేళ్ళలో అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"గాలి ఎటు పోవాలో తెలియనివాడు. మీరు నోరు మెదపకుండా చూస్తారా?"

స్టోర్ నుంచి అదే రకం కొత్త ఫ్యాన్ ఒకటి తెప్పించాను. గోడకి ఆనించి ఫ్యాన్ కంత ఉన్న పాత పెట్టె తలుపు ఒకటి ఉంది. దాన్ని బల్ల మీద నిలబెట్టించి మేనేజరుని పిలిపించాను.

"తప్పంతా మీదేనని తేలింది సార్" అన్నాను వస్తూండగానే. "సైజు తెలియకుండా ఫ్యాన్లు తెప్పించారట. ఈ కంతలో పట్టవట. బలవంతాన కుక్కితే తీగ నలిగిందని ఇన్‌స్పెక్టర్ గారు రాసుకుంటున్నారు."

"ఎవడన్నాడు?" మేనేజరు మొహం జేవురించింది. "నేను తెప్పించినవి పట్టకపోవడమేంటి? ఈ పనికిమాలిన మందంతా చేరి నా మీదికి తోస్తున్నారా?"

"ఏమో మరి. పట్టదనే అంటున్నారు."

"ఇటివ్వండి!" అని ఫ్యాన్ లాక్కున్నాడు. తలుపు బయటివైపు నుంచి కంతలో పెట్టి, అరచేత్తో నొక్కి, నాలుగు మూలలా స్క్రూ రంధ్రాలు కలిశాయో లేదో వేలితో తడిమి చూపించాడు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇదిగో! పట్టలేదా? కళ్ళున్నాయా లేవా?"

బాణం లోపలికి చూస్తోంది.

"ఆ వైపు పెట్టారేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెత్తగా.

"ఇంకే వైపు పెడతారు? వేడెక్కేది లోపలేగా! గాలి లోపలికి కొట్టకపోతే ఎలా చల్లబడుతుంది?"

గోడవార ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు నొక్కుకున్నారు. మిగతావాళ్ళెవరూ నవ్వలేదు. మేనేజరు వాళ్ళ మొహాలు చూశాడు, తెరిచి ఉన్న పెట్టె చూశాడు, చేతిలో ఫ్యాన్ చూశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఫ్యాన్లు బిగించడం మీకు బాగానే అలవాటున్నట్టుందే" అన్నాను. "రంధ్రాలు చూడకుండానే దొరికాయి. మొన్న ఒంటిగంటకి కూడా అంత సులువుగానే దొరికాయా?"

"నేనా?" అన్నాడు అతను. "పెద్దాయన్ని నేను చంపుతానా? అన్నం పెట్టి, చదువు చెప్పించి... ఆ మహానుభావుడి మీద చెయ్యెత్తుతానా నేను?" అని బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. నటన కదా, అన్నట్టు.

కాదు. దొంగ ఏడుపులు నేను చాలా చూశాను. ఈ ఏడుపు కడుపులోంచి వస్తోంది. ఇతనికి పెద్దాయన పోయిన దుఃఖం నిజంగానే ఉంది. అదే నాకు అర్థం కాలేదు. పెట్టింది ఇతనే, ఏడుస్తోందీ ఇతనే. అప్పుడు మిషన్ పక్కన ఉన్న ఖాళీ స్టూలు నా కంట పడింది.

"అమ్మాయ్" అని అక్కని పిలిచాను. "భోజనాల వేళ ఈ మిషన్ దగ్గర ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరండీ. నేను తప్ప. నేను షెడ్డుకి పోను, కుళాయి దగ్గర మడ్డి వదిలేలా చేతులు కడుక్కొచ్చి ఇక్కడే స్టూలు వేసుకుని బాక్సు తింటాను."

"మొన్న ఎందుకు లేవు?"

"మా ఆయన చేతి కట్టులోంచి నెత్తురు కారుతోందని పక్కింటావిడ ఫోన్ చేసింది. బెల్లు కొట్టగానే వెనక గేటులోంచి పరిగెత్తాను. ఎవరికీ చెప్పలేదు." చెబుతూ చెబుతూనే ఆగిపోయింది. స్టూలు వైపు చూసింది. ఫ్యాన్ వైపు చూసింది. "మేడం, ఇది నా కోసం పెట్టాడా?"

మేనేజరు తల ఎత్తలేదు.

"మీ ఆయన చేతికేమైంది?" అన్నాను.

"ఇక్కడే, రేకులు నొక్కే ప్రెస్సులో మూడు వేళ్ళు పోయాయండీ. తలుపు తెరిస్తే ఆగిపోవాల్సిన మిషన్ అది. పని తొందరగా అవ్వాలని ఈయనే ఆ తలుపు స్విచ్‌ని తీగతో కట్టించేశాడు. నేనూ మా ఆయనా కళ్ళారా చూశాం. రేపు కార్మికాధికారి ముందు ఇద్దరం చెప్పాలి. పెద్దాయనకి ఈ సంగతి తెలీదు. తెలిస్తే ఈయన్ని మెడబట్టి గెంటేసేవాడు." ఆమె గొంతు పెరిగిపోయింది. "నన్ను చంపి, ఆ నేరం నా తమ్ముడి నెత్తినే రుద్దుదామనుకున్నావా? నువ్వు మనిషివేనా? నీ నోట్లో మన్ను పొయ్య!"

ఇన్‌స్పెక్టర్ అడ్డుపడకపోతే ఆమె బల్ల మీంచి లాక్కున్న స్పానరు మేనేజరు నుదుటి మీద దిగేది. నాకైతే అడ్డుపడాలనిపించలేదు.

"ఇద్దరు సాక్షులా?" అన్నాను. "నువ్వూ, మీ ఆయనా?"

స్పానరు ఆమె చేతిలోంచి జారిపోయింది. "మేడం... ఈయన ఇవాళ పొద్దున్న మా ఇంటికి ఫ్యాన్ పంపించాడండీ."

"ఏం ఫ్యాన్?"

"ఆఫీసు గదిలో ఉండే ఇనప టేబుల్ ఫ్యాన్. కట్టుతో ఉక్కలో పడుకుని ఉంటాడు కదా, వాడుకోమని. పోయిన వారం మా తమ్ముడే దాన్ని బాగుచేశాడు."

బాగుచేసింది తమ్ముడు. రెండో చావు కూడా అతని ఖాతాలోకే. "వేశారా దాన్ని?" అని అరిచాను.

"మంచం పక్కన పెట్టి ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసే ఉంచాం. పొద్దుట్నించీ మా వీధిలో కరెంటు లేదు. పన్నెండింటికి ఇస్తామన్నారు."

గోడ మీది గడియారంలో పన్నెండు దాటింది. ఇన్‌స్పెక్టర్ మేనేజరు కాలరు పట్టి లేపాడు. "ఏం చేశావురా దాంట్లో?" అని గద్దించాడు. వాడు కళ్ళు మూసుకున్నాడు.

అక్క ఫోన్ చేసింది. నేను అందుకుని స్పీకరు నొక్కాను. మోగుతోంది. మోగుతోంది. చివరికి ఎత్తాడు. అతని గొంతుకంటే ముందు ఆ చప్పుడు వినబడింది. టకటకటకటకా.

"బాబూ, ఆ ఫ్యాన్ ముట్టుకోకు!" అన్నాను.

"ఎవరండీ? ఏంటీ?"

"ఫ్యాన్! ముట్టుకోకు!"

"ఏమీ వినబడట్లేదండీ... ఈ ఫ్యాన్ గోల ఒకటి. ఉండండి, దీన్ని ఒకటి..."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఫ్యాన్ అనలేదు, కరెంటు అనలేదు. గుండెలు పగిలేలా ఒక్క కేక పెట్టింది. "బుజ్జీ! బుజ్జి వీధిలో పడిపోయింది! పరిగెత్తవయ్యా!"

ఫోన్ ఎక్కడో పడ్డ చప్పుడు. మంచం కిర్రుమంది. "బుజ్జీ!" అంటూ మగ గొంతు. గడప దాటిన అడుగులు. వీధిలోంచి, దూరంగా, "ఏంటి నాన్నా?" అని నిక్షేపంలా ఉన్న ఒక చిన్నపిల్ల గొంతు.

అక్క నేల మీద కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఒక చేత్తో మేనేజరుని అదిమి పట్టుకునే, రెండో చేత్తో వైర్‌లెస్ తీసి ఆమె ఇంటి వైపు ఉన్న జీపుని పరిగెత్తించాడు. ఇంటికి కరెంటు ఆపించమన్నాడు, ఎవర్నీ లోపలికి పోనివ్వద్దన్నాడు. తర్వాత, నా వైపు చూడకుండానే, లాకప్ తాళం తియ్యమని స్టేషన్‌కి చెప్పాడు.

ఖాళీ ఇంట్లో ఆ టకటక ఇంకా ఫోన్లో వస్తూనే ఉంది. నాకు భరించలేనంత అసహ్యం వేసి, ఆపేద్దామని చెయ్యి చాపాను.

అక్క ఫోన్‌ని గుండెకి హత్తుకుంది.

"మోగనివ్వండి మేడం" అంది. "కరెంటు తీసేదాకా మోగనివ్వండి. మధ్యలో ఆగిందంటే దాని మీద ఎవరి చెయ్యో పడ్డట్టు."